మూడు బొక్కల కుండ దీపాలు

హైదరాబాదులో ఇంటీరియర్ కోర్సు చేసి, మొదటి పనిలోనే పెళ్లి చీరల దుకాణానికి శ్మశాన కళ తెచ్చిన ఘనత నాది. చెబుతాను, నవ్వుకోండి. దీపాలు మాత్రం బాగుంటాయి, అది ముందే చెబుతున్నాను.

జనగామలో మా మేనమామ చీరల దుకాణం పెడుతూ, అనుభవమున్న వాళ్లందరినీ కాదని అలంకరణంతా నాకు అప్పగించాడు. పాత వస్తువులకు కొత్త రూపమివ్వడమంటే నాకు పిచ్చి. పాత నిచ్చెన చీరల స్టాండయింది, చేటలు గోడకెక్కాయి. అన్నిటికన్నా గొప్పగా, ఐదు మట్టి కుండలకు తలా మూడు రంధ్రాలు వేసి, లోపల బల్బులు పెట్టి, గుమ్మం ముందు వేలాడదీశాను. అందరూ ఒక్కసారే చూసి నోళ్లు తెరవాలని ప్రారంభం దాకా గుడ్డ కప్పి ఉంచాను.

మామ రిబ్బన్ కత్తిరించాడు, నేను గుడ్డ లాగాను. మొదటి గిరాకీ ఓ పెళ్లివారు. పెళ్లికూతురి తండ్రి పైకి చూసి గడప దగ్గరే ఆగిపోయాడు.

"గివేంది బిడ్డా?"

"కుండ దీపాలు కాకా, కొత్త డిజైన్," అన్నాను గర్వంగా.

"మూడు బొక్కల కుండ భుజం మీద పెట్టుకొని మా నాయిన చితి చుట్టు తిరిగిన. పెండ్లి బట్టలకొచ్చిననాడు గూడ గదే చూపిస్తవా?"

ఆడపిల్లలను కాటి దాకా రానివ్వరు కదా, నాకెలా తెలుస్తుంది? సిగ్గుతో చచ్చిపోయాను. మామ ముఖం మాడిపోయింది.

"ఏం పని జేసినవే? దుకాణం తెరవంగనే మూసేటట్టున్నవు."

లోపల కుర్చీలో ఉన్న అమ్మమ్మ మాత్రం కదలలేదు. "వాళ్లకు చాయ్ పొయ్యిరా," అని మామకు చెప్పి, నావైపు తిరిగింది. "నువ్వు బొక్కలేసే మిషిన్ దెచ్చుకో. మూడైతేనే గది. నూరు బొక్కలేస్తె ఎవలేమంటరు?"

కుండలు దింపాను. కట్టుకున్న పట్టుచీరతోనే కూర్చుని, ఒళ్లంతా ఎర్రదుమ్ముతో రంధ్రాలు వేశాను. రెండు పగిలాయి, మూడు నిలిచాయి. స్విచ్ వేయగానే చీరల మీద వెలుగు చుక్కలు చల్లినట్టు పడ్డాయి. నా పని చూసి నాకే కళ్లు చెమర్చాయి.

పెళ్లికూతురు తన తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాయినా, మన పందిట్ల గూడ గిసుంటివే కావాలె."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "పెట్టుకుందాం. బొక్కలు మాత్రం నేనే లెక్కవెడ్త."

ఇప్పుడు డోర్నకల్ దాకా పెళ్లి పందిళ్లలో నా కుండలే వెలుగుతున్నాయి. అయినా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, అమ్మమ్మను అడగకుండా ఈ జన్మలో దేనికీ రంధ్రం వేయనని. మొన్న చెవికి రెండో కుట్టు కూడా ఆమె సరేనన్నాకే కుట్టించుకున్నాను.