కోచ్‌గారి మీద నా ఏడుపు

పోయిన గురువారం పొద్దున, ఎండ ఇంకా ముదరకముందే, ఎడారి ఊరు చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంటి వెనక వరండాలో కూర్చుని కాఫీ తాగుతుంటే లోపల వంటగదిలోంచి ఏడుపు వినిపించింది. అరవైకి దగ్గరపడుతున్న మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, సొంతంగా ఫిజికల్ థెరపీ క్లినిక్ నడుపుకుంటున్న మనిషి, చేతిలో ఫోను పట్టుకుని సింకు దగ్గర నిలబడి చిన్నపిల్లలా వెక్కుతోంది. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి ఏమైందమ్మా అని అడిగితే, తన కాలేజీ రోజుల నాటి ఫుట్‌బాల్ కోచ్ నిద్రలోనే పోయారట, తొంభై దాటాయట. అయ్యో అన్నాను, అనవలసిందే కదా. మన తరం వాళ్ళ దగ్గర దాపరికం ఎందుకు, ఆ క్షణంలో నా మనసులో ముందుగా మెదిలింది మాత్రం జాలి కాదు, రేపు నేను పోతే ఈ పిల్ల ఇంతలా ఏడుస్తుందా అన్న ప్రశ్న. మా ఆవిడ కూరగాయలు తరుగుతున్న చోటు నుంచే నా ముఖం ఒకసారి చూసి, "పోయినాయన మీద కూడా ఏడవాలా మీరు?" అంది. అమ్మాయి ఆయన కోసం ఏడుస్తుంటే నేను ఆయన మీద ఏడుస్తున్నానని ఆవిడకి నేను చెప్పనక్కర్లేదు.

ఆయన మా ఊరికి డెబ్భైల చివర్లో వచ్చారు. అప్పటికే నేను అక్కడి కాలేజీలో చాలా ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. ఈ దేశం నడిమధ్యన మిడ్‌వెస్ట్‌లో చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో కాలేజీ, రెండు మూడు చర్చీలు, ఒక కిరాణా దుకాణం, అంతే ఊరు. తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే. అక్కడి ఫుట్‌బాల్ మనం చిన్నప్పుడు గుంటూరులో కాళ్ళతో తన్నుకుంటూ ఆడిన ఆట కాదని మీకు తెలిసే ఉంటుంది. కోడిగుడ్డు ఆకారపు బంతిని ఒకడు చంకలో పెట్టుకుని పరుగెత్తడం, అవతలివాళ్ళంతా వాడి మీద పడి కిందకి లాగడం, లేచి దులుపుకుని మళ్ళీ వరుసలో నిలబడటం, ఇదే సాయంత్రం దాకా. మొదట్లో నా కంటికది ఆటలా ఆనలేదు, సంతలో తొక్కిసలాటలా ఉండేది. ఆయన రాకముందు మా కాలేజీ జట్టు ఓడిపోతే ఎవరూ అడిగేవాళ్ళు కూడా కాదు. ఆయన వచ్చాక గెలవడం మొదలుపెట్టింది, ఏదో ఒక ఏడు గాలివాటంగా గెలిచి ఊరుకోవడం కాదు, ఎనభైలన్నీ గెలుస్తూనే ఉంది.

నా కడుపుమంట అక్కడ మొదలైంది. పొద్దున ఎనిమిదింటి క్లాసుకి రావడానికి ప్రాణం పోయినట్టు చూసే కుర్రాళ్ళు, ఆయన రమ్మంటే మంచులో కూడా ఐదింటికి మైదానంలో ఉండేవాళ్ళు. నేను తప్పు దిద్దితే ముఖాలు మాడ్చుకునేవాళ్ళు, ఆయన ఊరంతా వినబడేలా కేకలేస్తే తలలు వంచుకుని సరేనండీ అనేవాళ్ళు. ఆదివారం చర్చికి వెళ్తే అక్కడా ఆయనే ముందు వరుసలో. పాస్టరుగారు ఎవరో ఆటగాడి మోకాలు కోసం పేరు పెట్టి ప్రార్థన చేసేవారు గానీ, అచ్చవుతుందో లేదో తెలియక నేను అల్లాడుతున్న పరిశోధన వ్యాసం కోసం ఎన్నడూ చేయలేదు. మా విభాగం పెద్దాయన పదేళ్ళు పక్క గదిలో కూర్చుని కూడా నా పేరుని నానా వంకరలూ తిప్పేవాడు, కోచ్‌గారి కుక్క పేరు మాత్రం ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. పది ఆజ్ఞల్లో చివరిదాన్ని, పొరుగువాడిది ఆశించవద్దన్నదాన్ని, నేను ఏటా ఆటలు సాగే ఆగస్టు నుంచి నవంబరు దాకా మీరుతూనే ఉన్నాను.

కుళ్ళుకునేవాడు గమనించినంత శ్రద్ధగా అభిమాని కూడా గమనించడు. ఇదేదో అదృష్టమనుకుంటే అదృష్టం ఇన్నేళ్ళు వరసగా రాదని నా లెక్కలే చెబుతున్నాయి. మంచి ఆటగాళ్ళు దొరికారనుకుందామా, మా అంత చిన్న కాలేజీకి రాష్ట్రంలో పేరున్న కుర్రాడు ఒక్కడూ రాడు. పైగా వచ్చినవాళ్ళు నాలుగేళ్ళకి పట్టా పుచ్చుకుని వెళ్ళిపోతారు. కుండ అడుగున చిల్లి ఉన్నా నీళ్ళు ఎప్పుడూ నిండుగానే ఎలా ఉంటున్నాయో నాకు అంతుపట్టలేదు. అసలు కిటుకేమిటో కూపీ లాగుదామని ఒక శనివారం ఆట అయ్యాక, మర్నాడు మా ఇంటికి భోజనానికి రమ్మని ఆయన్ని పిలిచాను.

ఆ భోజనం సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. మా ఆవిడ కోడిపులుసు, పులిహోర, గారెలు చేసింది. కంచంలో మెతుకు మిగల్చడం మర్యాద కాదని ఆయన్ని వాళ్ళమ్మ పెంచింది. అతిథి కంచం ఖాళీగా కనబడితే ఇంటిపరువు పోయినట్టేనని మా ఆవిడని వాళ్ళమ్మ పెంచింది. ఆయన తుడిచినట్టు తినేవారు, ఈవిడ వడ్డించేది; ఈవిడ వడ్డించింది కదా అని ఆయన మళ్ళీ తినేవారు. ఆయన ముఖం ఎర్రబడి చెమటలు పడుతున్నా ఓటమి ఒప్పుకోలేదు, మా ఆవిడా తగ్గలేదు. నాకు చూడముచ్చటగా ఉండి గారెలు నములుతూ కూర్చున్నాను. చివరికి హైస్కూల్లో చదువుతున్న మా అమ్మాయే జాలిపడి, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాలని ఆయనకి నేర్పింది. జీవితంలో తనను ఓడించింది ఈ తల్లి ఒక్కతేనని ఆయన ఊరంతా చెప్పుకుని నవ్వారు. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి మా ఆవిడ పేరు ఎలా పలకాలో అడిగి, ఆవిడ సరే అనేదాకా పదేపదే పలికి మరీ వెళ్ళారు. తర్వాత కిరాణా దుకాణంలో కనబడ్డప్పుడు వత్తులతో సహా పలికారట. ఆటగాళ్ళ తల్లులందరితోనూ ఇదే వరస అని, వాళ్ళ వంటిళ్ళలో కూర్చునే కుర్రాళ్ళని కాలేజీకి తెచ్చుకునేవారని తర్వాత తెలిసింది. నేను కూపీ లాగుదామని పిలిస్తే ఆయన నా భార్యని తనవైపు లాగేసుకుని వెళ్ళారు.

భార్యతో ఆగినా బాగుండేది. ఎనభైల మధ్యలో మా అమ్మాయి మా కాలేజీలోనే చేరింది. డాక్టర్ కావాలని మా ఇద్దరి కోరిక, తనూ సరే అంది. చేరిన కొన్నాళ్ళకే జట్టుకి సాయం చేసే విద్యార్థుల్లో ఒకతె అయింది. ఆటగాళ్ళ చీలమండలకి టేపు చుట్టడం, దెబ్బ తగిలినచోట ఐసు పెట్టడం, నీళ్ళు అందించడం. ఇక ఇంట్లో పొద్దున లేస్తే కోచ్ ఇలా అన్నాడు, కోచ్ అలా అన్నాడు. పెందలాడే పడుకో అని నేనంటే చాదస్తం, ఆయనంటే వేదవాక్కు. పొరుగింటి పుల్లకూర రుచి అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

అప్పటి నుంచి నేను ఒక్క ఆట కూడా మానలేదు. అధ్యాపకులకి ఇచ్చే సీట్లు ఎక్కడో పై వరసల్లో ఉండేవి, అందుకని ఎప్పుడో నయాగరా చూడటానికి వెళ్ళినప్పుడు కొన్న బైనాక్యులర్స్ మెడలో వేసుకుని వెళ్ళేవాణ్ణి. జనమంతా బంతితోపాటు తలలు తిప్పుతుంటే నేను మాత్రం మైదానం అంచున నిలబడ్డ ఆయన మీదే కళ్ళు పెట్టి, ఈయనలో నాకు లేనిది ఏముందా అని వెతికేవాణ్ణి. ఆయన పక్కనే మా అమ్మాయి ఉండేది. జుట్టు పైకి ముడేసుకుని, ఒక మోకాలి మీద కూర్చుని ఎవరి కాలికో టేపు చుట్టి, చేతులు జీన్స్‌కి తుడుచుకుని, లేచి ఆయన ముఖంలోకి చూసేది. బాగా చుట్టానా అని అడిగే చూపు అది. ఒకప్పుడు ఎక్కాలు అప్పజెప్పి నా ముఖంలోకి అలాగే చూసేది. ఒక ఏడు జట్టులో ముఖ్యమైన కుర్రాడికి కాలు విరిగితే, మీ దిష్టే తగిలింది అని మా ఆవిడ ఆటపట్టించింది. క్రైస్తవులం, అలాంటివి నమ్మం గానీ ఆ వారం నాకు అన్నం సయించలేదు. ఆ కుర్రాడి స్థానంలోకి ఎవరూ పేరు విననివాడు వచ్చి అదరగొట్టడంతో, నా దిష్టికి కూడా ఆయన దగ్గర పనిలేదని తేలిపోయింది.

ఆ పేరు విననివాడు ఎక్కడినుంచి వచ్చాడో నాకు అనుకోకుండా తెలిసింది. అమ్మాయి రెండో ఏడు శీతాకాలం ముందు ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, కోటు కూడా విప్పకుండా నిలబడి, ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్ష పోయిందని, డాక్టరు చదువు తనవల్ల కాదని, ఫిజికల్ థెరపీ చదువుతానని గబగబా చెప్పేసింది. ఎప్పటినుంచి అనుకుంటున్నావని అడిగితే తలవంచుకుని, ముందు కోచ్‌కి చెప్పానని, ఇంట్లో చెప్పేదాకా మైదానంలో అడుగుపెట్టొద్దని ఆయన పంపేశారని అంది. చదువు మారితే మారింది, అది రెండు రోజుల్లో మింగాను. నా కూతురు కష్టం నాకంటే ముందు ఆయనకి తెలిసిందన్నది మాత్రం గొంతు దిగలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆయన్ని నాలుగు మాటలు అడిగేద్దామని చరచరా మైదానానికి నడిచాను.

అక్కడ జట్టు సాధన చేస్తోంది. శనివారం ఆడబోయే పేరున్న ఆటగాళ్ళంతా ఒక వైపు, వాళ్ళని చూసుకోవడానికి ఆయన సహాయకులు. ఆయన మాత్రం అవతలి మూల, ఆట రోజు బట్టలు మాసే యోగం కూడా లేని కొత్త కుర్రాళ్ళ మధ్య ఉన్నారు. పడటం నేర్పుతున్నారు. భుజం ఎలా ఆన్చాలి, పడ్డాక ఏ చెయ్యి ముందు నేలకి వెయ్యాలి, ఎంత త్వరగా లేవాలి, తనే గడ్డిలో పడి లేచి చూపిస్తున్నారు. కంచె పట్టుకుని చాలాసేపు చూశాను. ఏళ్ళ తరబడి వెతికిన కిటుకు అంత బహిరంగంగా గడ్డి మీద పడి ఉంది. ఊరంతా ఈ ఏటి జట్టుకి చప్పట్లు కొడుతుంటే ఆయన రెండేళ్ళ తర్వాతి జట్టుని తయారుచేసుకుంటున్నారు. వరుసలో తర్వాతి అంకె చెప్పడం నా వృత్తి, వరుస తెగకుండా చూసుకోవడం ఆయన వృత్తి. పెద్ద విశ్వవిద్యాలయాలు పిలిచినా వెళ్ళకపోవడానికి కారణం కూడా ఆ మూలనున్న కుర్రాళ్ళేనని అప్పుడు అర్థమైంది. అర్థమైతే అసూయ తగ్గుతుందంటారు, నాకు ఇంకా ఎక్కువైంది. అదృష్టవంతుణ్ణి చూసి ఓర్చుకోవచ్చు గానీ అంత పనిమంతుణ్ణి చూసి ఓర్చుకోవడం కష్టం.

నన్ను చూసి ఆయన గడ్డి దులుపుకుంటూ కంచె దగ్గరికి వచ్చి, మీ అమ్మాయి చేతులు మంచివి, ఆ చేతులు పడితే నొప్పి ఉన్న పిల్లవాడు ఊరుకుంటాడు అన్నారు. నాకు తెలుసు అన్నాను. నిజానికి నాకు తెలియదు. అడగదలచుకున్న నాలుగు మాటలూ జేబులోనే పెట్టుకుని ఇంటికి వచ్చి, నీకు నచ్చిందే చదువుకో అని అమ్మాయితో చెప్పాను. ఆ పిల్ల నా మెడ కౌగిలించుకుంది. అది నాకు దక్కిందో, ఆయనకి దక్కవలసింది దారిలో నాకు తగిలిందో తేల్చుకోలేక ఆ చలికాలమంతా గడిపాను.

ఇదంతా మొన్న గురువారం మధ్యాహ్నం దాకా నాలోనే తిరిగింది. అన్నాలయ్యాక అమ్మాయి వచ్చి నా పక్కన సోఫాలో కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నాన్నా, కోచ్ గ్రాడ్యుయేషన్ రోజు నాకు ఒకటి చెప్పాడు. నీకు ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ళ కూతురు హైస్కూల్లో రేసెస్ రన్ చేసేది, అన్నీ సాటర్డేస్. గేమ్స్ వల్ల కోచ్ ఒక్కటి కూడా చూడలేదంట. మీ డాడ్ ఎవ్రీ గేమ్ వస్తాడు, పైన కూర్చుంటాడు, ఆ బైనాక్యులర్స్‌తో ఒక్కసారి కూడా బాల్ చూడడు, నిన్నే చూస్తాడు, ఐ యామ్ జెలస్ ఆఫ్ దట్ మ్యాన్ అన్నాడు. నిజమేనా నాన్నా? నన్నే చూసేవాడివా?"

మా ఆవిడ మళ్ళీ నా ముఖం చూసింది. అన్ని వేల మంది బంతి వెంట పడుతుంటే ఆ మనిషి పై వరసలో కూర్చున్న నన్ను చూశాడు. ఆయన మీద కళ్ళలో నిప్పులు పోసుకుని నేను చూసిన చూపుని ఒక తండ్రి చూపుగా చదువుకుని, దానికి ఆయన కుళ్ళుకున్నాడు. తప్పు చదివాడని అనడానికి కూడా లేదు, ఎందుకంటే ఆ ఏళ్ళ ఆటల్లో ఎవరు గెలిచారో ఒక్కటీ గుర్తులేదు గానీ, జీన్స్‌కి చేతులు తుడుచుకుని లేచే ఆ పిల్ల మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. అవునమ్మా, నిన్నే అన్నాను. ఆమె నా భుజం మీద తల పెట్టుకుంది.

ఇప్పుడు మా మనవరాలు సాకర్ ఆడితే ఇంట్లో కూర్చునే ఫోనులో చూడొచ్చు, పై వరసలు ఎక్కనక్కర్లేదు, మెడలో బైనాక్యులర్స్ మోయనక్కర్లేదు. ఆ ఫోనులో బొమ్మ బంతి ఎటు వెళ్తే అటే తిరుగుతుంది. పిల్ల బంతికి దూరంగా పడిపోతే పడినట్టు కూడా తెలియదు. పడినవాళ్ళనీ, మూలనున్నవాళ్ళనీ, ఎక్కడో పైన కూర్చుని ఉడికిపోతున్న తండ్రినీ ఒకే చూపులో చూసుకునే మనిషి వెళ్ళిపోయాడు. నా కూతురి తల నా భుజం మీద ఉన్నంతసేపూ ఒక్క మాటే తొలుస్తూ ఉంది. దీన్ని కూడా చివరికి ఆయనే ఇచ్చి వెళ్ళాలా?