మా అత్త కుడిచెయ్యి, గొడుగోడి కొత్త ఆట

మా అత్త పోయిన సంగతి మామే ఫోన్ చేసి చెప్పాడు. నేను అప్పుడే పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతున్నాను. "మీ అత్త పొద్దుగాల లేవలె బిడ్డా. చాయ్ అడిగితే పలుకలె," అన్నాడు. గొంతులో ఏడుపు లేదు. పక్కింటివాళ్లు వచ్చారా, నాన్నకు చెప్పారా అని నేను ఒకదాని వెంట ఒకటి అడుగుతుంటే అన్నిటికీ ఒకటే జవాబు ఇచ్చాడు. "నువ్వు రా." నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తికి ఒక బస్సు, అక్కడి నుంచి గద్వాలకు ఇంకో బస్సు. బీచుపల్లి వంతెన దాటేదాకా నేనూ ఏడవలేదు. దాటాక ఆపుకోలేకపోయాను. పక్క సీట్లో ఉన్నావిడ ఏమీ అడగకుండా కిటికీ వైపు నాకు వదిలి ఇటు జరిగింది.

ఆమె మా నాన్నకు అక్క. గద్వాలలో మగ్గం నేసే ఇంటి కోడలు. పిల్లలు లేరు. మా నాన్న ఎప్పుడో మగ్గం వదిలేసి వనపర్తిలో ఒక బట్టల దుకాణంలో కుదురుకున్నాడు. అత్త వదల్లేదు. ఆమె గురించి గొప్పగా చెప్పమంటే నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. సభల్లో మాట్లాడలేదు, ఎవరూ శాలువా కప్పలేదు, నా పెళ్లి ఫొటోలో కూడా సగమే పడింది. టీవీలో ఆడే ఒక ఆటలో గాలిగుంట అనే చోటు దాటింది. నేను రాయాలనుకున్నది దాని గురించే. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు, కొన్నాళ్లు నేనూ నవ్వాను.

ఇంటర్ చదవడానికి వాళ్లింటికి వచ్చినప్పుడు పుస్తకాల సంచితో పాటు నా వీడియో గేము డబ్బా కూడా తెచ్చుకున్నాను. టీవీకి వైరు తగిలించి, డబ్బాలో కేసెట్ గుచ్చితే ఆట వచ్చేది. గొడుగు పట్టుకున్న పొట్టి మనిషి ఒకడు ఎడమ నుంచి కుడికి పరిగెత్తుతూ, గుంటలు దూకుతూ, గోడలెక్కుతూ పోతుంటాడు. తెర మీది అక్షరాలు ఏ దేశానివో ఎవరికీ తెలియదు కాబట్టి వనపర్తిలో మేమంతా వాణ్ని గొడుగోడు అని పిలుచుకున్నాం. మొదటి ఆట, రెండో ఆట నాకు కంఠతా వచ్చు. మూడోది వచ్చిందని విన్నానే గాని కంటితో చూడలేదు. నేను సంచి దించగానే అత్త డబ్బా వైపు చూసి, "చదువనీకి వచ్చినవా, గొడుగు పట్టనీకి వచ్చినవా?" అంది. అంటూనే టీవీ మీద కప్పిన గుడ్డ తనే తీసి ఇచ్చింది.

వాళ్ల పని గురించి ఒక ముక్క చెప్పాలి. గద్వాల చీర ఒక్క మనిషి నేస్తే అయ్యేది కాదు. ఒళ్లు నూలు, అంచులు పట్టు. మధ్యకు అడ్డదారం మోసే నాడె ఒకటి, రెండు అంచులకు రెండు నాడెలు. నేసే మనిషి మగ్గం కింది గుంటలోకి కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, కుడి అంచు నాడె వేయడానికి పక్కన ఇంకొకరు ఉండాలి. వాళ్లింట్లో గుంటలో మామ, పక్కన అత్త. మామ కాలితో తొక్కి దారాలు విడదీసి "ఊఁ" అనేవాడు. అత్త నాడె విసిరేది. తొందరపడి ముందే విసిరితే దారం తెగుతుంది. పెళ్లయిన నాటి నుంచి వాళ్లిద్దరూ పగలంతా మాట్లాడుకున్న మాట చాలావరకు ఆ ఒక్క అక్షరమే. పరీక్షలకు నేను దాన్ని వింటూనే చదివాను.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మామకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. కర్నూలు దవాఖానలో కొన్నాళ్లు ఉంచి పంపించారు. మాట తిరిగొచ్చింది, కాలు ఈడ్చుకుంటూ నడవగలిగాడు, చెయ్యి మాత్రం రాలేదు. పిసుకుతూ ఉండమని ఇచ్చిన రబ్బరు బంతిని వాకిట్లోకి విసిరికొట్టాడు. మగ్గం మీద కోటకొమ్మ అంచు చీర సగంలో ఆగిపోయింది. అత్త వెనక వీధిలో వేరేవాళ్ల మగ్గం దగ్గరికి, అక్కడ కూడా కుడి అంచు నాడె వేయడానికే, పోవడం మొదలుపెట్టింది.

గోడ వైపు తిరిగి పడుకున్న మనిషిని ఎంతకాలం చూస్తాం? ఒక సాయంత్రం నేను గేము రిమోటు ఆయన ఎడమచేతిలో పెట్టాను. నడిపించే బాణాలు ఎడమ పక్క ఉంటాయి, దూకించే గుండీ కుడి పక్క. గొడుగోణ్ని నడిపించాడు గాని దూకించలేకపోయాడు. విసుక్కుని పారేయబోతుంటే, అప్పుడే పని నుంచి వచ్చిన అత్త చేతులు కడుక్కుని ఆయనకు కుడిపక్కన కూర్చుని రిమోటు రెండో కొస పట్టుకుంది. "యాడ నొక్కాలె బిడ్డా?" అంది. చూపించాను. మామ అలవాటు కొద్దీ "ఊఁ" అన్నాడు. ఆమె నొక్కింది. గొడుగోడు గుంట దూకాడు. మామ ఆ నెలలో మొదటిసారి నవ్వాడు.

నేతవాళ్లకు అమావాస్య సెలవు, ఆ రోజు మగ్గం ముట్టరు. అందుకని అమావాస్య వస్తే పొద్దున వంట అయిన దగ్గర నుంచి ఇద్దరూ టీవీ ముందే. నేను ఏళ్లు పట్టి నేర్చుకున్న రెండు ఆటలూ కొన్ని నెలల్లో చివరిదాకా ఆడేశారు. నాకు కొంచెం ఉడుకుమోత్తనంగానే ఉండేది. గొడుగోడు గుంటలో పడినప్పుడల్లా మామకు కోపం వచ్చేది. "వానికి ఇంక రెండు పానాలున్నయ్. మనకే ఒకటి. పరేషాన్ గాకు," అనేది అత్త. మరీ మొండికేస్తే, "ముందుగాల కూడు తిను. తిన్నంక కోపం జేస్కో, నేనేమన్న ఒద్దంటున్ననా?" అనేది. ఈ రెండో మాట ఇప్పుడు మా ఇంట్లో నేను మా ఆయనతో అంటుంటాను.

మగ్గం మీద నిలువుగా పరిచిన పడుగు దారం వాళ్లది కాదు, చీరలు నేయించే సావుకారిది. చాలా ఓపిక పట్టాడు పాపం. చివరికి వచ్చి వాకిట్లో నిలబడి, "వచ్చే అమావాస్యదాంక చూస్తనమ్మా. ఎల్లినంక కోసుకపోయి ఇంకోలకు ఇచ్చుకుంట. నాకూ బతుకుదెరువే గదా," అన్నాడు. సగం నేసిన పడుగు కోసుకుపోతే ఆ ఇంటి మగ్గం లేచిపోయినట్టే. మళ్లీ ఎవరూ పడుగు ఇవ్వరు. ఆయన వెళ్లాక అత్త మెల్లగా చెప్పింది. "నేను గుంటల కూసుంట. నువ్వు పక్కన కూసో. ఎడమచేత్తోని ఏసినా నాడె నాడెనే."

మామ ముఖం ఎర్రబడింది. "నన్ను పక్కన కూసోబెడ్తవా? నా గుంటల నువ్వు కూసుంటవా? పడుగు పోతే పోనీ, ఇల్లు పోతే పోనీ," అన్నాడు.

రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత మామ మందులకని అత్త కర్నూలు పోయింది. సాయంత్రం వచ్చి మందుల సంచిలోంచి ఒక పచ్చ కేసెట్ తీసి నా చేతిలో పెట్టింది. మూడో ఆట! నేను ఎగిరి గంతేశాను. బజారులో దుకాణం దుకాణం తిరిగి, "గొడుగు వట్టుకొని ఎగురుతడు గదా, ఆయనది కొత్తది వచ్చిందంట, ఉన్నదా?" అని అడిగిందట. దుకాణాలవాళ్లు నవ్వారట. ఒకడు మాత్రం నవ్వకుండా లోపలికి పోయి వెతికి తెచ్చాడట. ఎందుకు కొన్నావత్తా అంటే, మామ వినకుండా గొంతు తగ్గించి చెప్పింది. "పాతది అయిపాయె. ఇగ ఈయన దేనికి లేస్తడు పొద్దుగాల?"

నేను కేసెట్ తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయాను.

కొత్త ఆటలో రంగులు బాగున్నాయి, పాట బాగుంది, గొడుగోడు కొంచెం లావెక్కాడు. మొదటి గట్టు, అంటే మొదటి లెవెల్, సగం దాకా పాత ఆటలాగే హాయిగా సాగుతుంది. ఆ తర్వాత గాలిగుంట వస్తుంది. ఎంత దూకినా అవతలి ఒడ్డు అందదు. గాలి వచ్చినప్పుడు ఆకులు కుడివైపుకు ఎగురుతాయి. సరిగ్గా అప్పుడు, గాల్లో ఉండగానే గుండీ మళ్లీ నొక్కితే గొడుగు తెరుచుకుంటుంది, గాలి మోసుకుపోయి అవతల దింపుతుంది. క్షణం ఆలస్యమైతే గుంటలోకే. నేను ఒక సాయంత్రం కూర్చుని దాటేశాను. వాళ్లిద్దరూ రోజూ పడుతూనే ఉన్నారు.

తప్పు ఎక్కడుందో నాకు కనిపిస్తూనే ఉంది. ఆకులు కదలగానే మామ చూస్తాడు, చూసి "ఊఁ" అంటాడు, అది విని అత్త నొక్కుతుంది. అప్పటికి గాలి పోయి ఉంటుంది. ఆకులు అత్తకూ కనిపిస్తాయి. కనిపించినా ఆమె వేలు కదలదు.

"అత్తా, మామ చెప్పేదాంక ఆగకు. నువ్వే చూసి నొక్కు," అన్నాను.

"చెప్పకుంట ఎట్ల నొక్కుత బిడ్డా? దారం తెగదా?" అంది.

"ఆటల దారం యాడుందత్తా!"

"అవును గదా," అని నవ్వింది. మళ్లీ గాలిగుంట దగ్గర "ఊఁ" కోసమే ఆగింది. గొడుగోడు మళ్లీ పడ్డాడు.

సావుకారు చెప్పిన అమావాస్య వచ్చింది. తెల్లారితే మనుషులు పడుగు కోసుకుపోవడానికి వస్తారు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పొద్దున నుంచీ ఆడుతున్నారు, పొద్దున నుంచీ పడుతున్నారు. మధ్యాహ్నానికి మామకు పూర్తిగా చిరాకెత్తింది. "చెప్పి చెప్పి నా నోరు పోతుంది. ఇగ నేను చెప్ప. నువ్వే చూస్కో పో," అని పెదాలు బిగించుకున్నాడు. బొటనవేలు మాత్రం బాణం మీద నుంచి తీయలేదు.

గొడుగోడు ఒడ్డుకు వచ్చాడు. "ఊఁ" లేదు. అత్త ఒకసారి మామ ముఖం చూసింది, టీవీ చూసింది, నొక్కింది. వాడు గాల్లోకి లేచాడు. ఆకులు కదిలాయి. ఆమె వేలు మళ్లీ పడింది. గొడుగు తెరుచుకుంది. గొడుగు ఎటు పోతుంటే మామ అటు బాణం నొక్కుతూ ఆమె వెంట వేలు నడిపించాడు. గొడుగోడు తూలుతూ తూలుతూ అవతలి ఒడ్డు మీద దిగాడు. నేను అరిచిన అరుపుకు పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది.

"నేను చెప్పలె గదా," అన్నాడు మామ, టీవీ వైపే చూస్తూ.

"చెప్పలె. నువ్వు నడిపినవ్ గద," అంది అత్త. అని అన్నం పెట్టడానికి లేచింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆమె గుంటలో కూర్చుని ఉంది. ఆయన కూర్చునే చోట ఆమెను అలా ఎన్నడూ చూడలేదు, చాలా చిన్నగా కనిపించింది. మామ మంచం మీద కూర్చుని నేల చూస్తున్నాడు. ఆమె పిలవలేదు, బతిమాలలేదు. కాలితో తొక్కింది, దారాలు విడిపోయాయి, మధ్య నాడె వేసింది. కుడి అంచు దగ్గర ఆగింది. తలెత్తకుండానే "ఊఁ" అంది. ఆమె నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. మామకూ అదే మొదలై ఉంటుంది.

ఆయన కాలీడ్చుకుంటూ వచ్చి పక్కన కూలబడ్డాడు. ఎడమచేత్తో వేసిన మొదటి నాడె అంచుకు తగిలి కింద పడింది. "పడితే పడ్డది," అంది అత్త. రెండోది దారాల మధ్యలోంచి సరిగ్గా దూసుకుపోయింది. ఎండ ఎక్కాక సావుకారు మనుషులతో వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. లోపలికొచ్చి చాయ్ తాగి, పడుగు మాట ఎత్తకుండానే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లు అలాగే నేశారు. మామ చెయ్యి రాలేదు. నేను చదువు ముగించుకుని, ఉద్యోగం వచ్చి నాగర్‌కర్నూల్ చేరినా ఆ డబ్బా వాళ్ల దగ్గరే వదిలేశాను. ఎప్పుడు ఫోన్ చేసినా ఆరోగ్యం సంగతి ఒక మాటలో తేల్చేసి ఆట ఎందాకా వచ్చిందో చెప్పేది. మూడో ఆటలో చివరి కోట మాత్రం దొరకలేదు వాళ్లకు. "దొరుకుతదిలే, ఏడికి పోతది," అనేది. తనకు గొప్ప కష్టం ఏదీ రానట్టే మాట్లాడేది. నాకు కష్టం వచ్చినప్పుడు నేను ఆమెలా ఉండాలని చూస్తాను, ఎప్పుడూ కుదరదు.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయారు. నేను ఇంకో రెండు రోజులు ఉందామని ఆగాను. మధ్యాహ్నం మామ, "గా డబ్బా పెట్టు బిడ్డా," అన్నాడు. వైరు తగిలించి, పచ్చ కేసెట్ గుచ్చి, ఆయనకు కుడిపక్కన కూర్చుని రిమోటు రెండో కొస పట్టుకున్నాను. మొదటి గట్టే పెట్టమన్నాడు. గొడుగోణ్ని నడిపించుకుంటూ గాలిగుంట ఒడ్డుకు తెచ్చి ఆపాడు. నాకేమీ చెప్పలేదు. నేనూ నొక్కలేదు.

చాలాసేపు అయింది. అప్పుడు గొడుగోడు మేము ఇన్నేళ్లలో ఎన్నడూ చూడని పని ఒకటి చేశాడు. గొడుగు పక్కన పెట్టుకుని, ఒడ్డు మీద కూర్చున్నాడు.

"ఇదేంది, వీడు కూసుంటడా?" అన్నాడు మామ.

"నాకూ తెల్వదు మామా. ఇంతసేపు ఎన్నడు నిలవెట్టలె గద. నొక్కనా?"

"వద్దు. ఉండనీ."

తెర మీద గాలి వస్తూ పోతూ ఉంది, ఆకులు కుడివైపుకు కొట్టుకుపోతున్నాయి. గొడుగోడు గుంటలోకి కాళ్లు వదిలి, మెల్లగా ఆడిస్తూ కూర్చున్నాడు.