ఎడంచేతి పుడ్డింగ్

విన్నీ సగ్డెన్ ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో ఒక బడి వంటశాలలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసింది. పూటకు మూడువందల మంది పిల్లలకు వండి పెట్టిన మనిషి. అలాంటి మనిషికి డెబ్బై ఆరో ఏట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయేసరికి, సొంత వంటింట్లోనే పొయ్యి దగ్గరికి రావద్దన్నారు.

అన్నది కూతురు గ్లెండా. చెడ్డపిల్లేం కాదు. ఆసుపత్రిలో పదకొండు రాత్రులు కుర్చీలోనే కునుకు తీసింది. ఆ భయం ఇంకా వదల్లేదంతే.

క్రిస్మస్ రోజు గ్లెండా కాల్చిన మాంసాన్ని ఓవెన్‌లోంచి తీసి పక్కన పెట్టి, ఫ్రిజ్‌లోంచి ఒక అట్టపెట్టె తీసింది.

"ఏమిటే అవి?"

"యార్క్‌షైర్ పుడ్డింగులే అమ్మా. నాలుగు నిమిషాలు వేడిచేస్తే చాలు." పేరుకే పుడ్డింగులు; మాంసంతో తినే పొంగురొట్టెలవి, కొట్లో కొన్నవి.

"పండగపూట నా ఇంట్లో అట్టపెట్టె పుడ్డింగా? మీ నాన్న ఉంటే బల్ల దగ్గర్నుంచి లేచిపోయేవాడు."

"నాన్న లేడు. నీకు చెయ్యి లేదు. నన్నేం చెయ్యమంటావు?"

అనేశాక గ్లెండా మొహం పాలిపోయింది. పళ్లేలు సర్దే వంకతో ముందు గదిలోకి వెళ్లిపోయింది. విన్నీ వంటింటి తలుపు మూసి, దాని పిడి కింద కుర్చీ బిగించింది.

నెల్రోజులుగా, కూతురు పనికి వెళ్లగానే, గిన్నెలో నీళ్లు పోసి ఎడంచేత్తో గిలకొట్టడం అలవాటు చేసుకుంటోందామె. ఇప్పుడు గిన్నె జారకుండా కింద తడిగుడ్డ వేసింది. గుడ్లు కొడితే పెంకు పడింది, వేలితో తీసిపారేసింది. మైదా, పాలు, ఉప్పు. భుజం లాగేస్తున్నా గిలకొట్టింది. మాంసం కింద కారిన కొవ్వును గరిటెతో ఇనపట్రేలోకి తోడి, ట్రేని ఓవెన్‌లోకి తోసి, మంట పూర్తిగా పెంచింది. పొగలు రాగానే పిండి పోసింది. చుయ్యిమంది.

"అమ్మా, తలుపు తియ్యి! ఏదో మాడుతోంది!"

"మాడట్లేదు. కొవ్వు పొగలు రాకపోతే పుడ్డింగ్ పొంగదు."

"నైజెల్ చేత తలుపు విరగ్గొట్టిస్తా!"

"మీ ఆయన ఊరగాయ సీసా మూతే తియ్యలేడు!"

"నాకు వినబడుతోందండీ, అత్తయ్యగారూ," అన్నాడు అవతల్నుంచి అల్లుడు.

పాతిక నిమిషాలకు పుడ్డింగ్ ట్రే అంచులు దాటి లేచింది, గోధుమరంగులో, నడుమ గుంటపడి. ఇప్పుడు దాన్ని బయటికి తియ్యాలి. మసిగుడ్డతో ఒక చివర పట్టి ఎత్తబోతే రెండో చివర వాలిపోయింది, మరిగే కొవ్వు అంచుదాకా వచ్చింది. మెల్లగా లోపలికి తోసేసింది. ఒక్క క్షణం చచ్చుబడ్డ చేతికేసి కసిగా చూసి, వెళ్లి కుర్చీ లాగేసింది.

"ఆ పక్క పట్టుకో," అంది. "మాట్లాడకు."

గ్లెండా పట్టుకుంది. ఇద్దరూ అడుగులో అడుగు వేసుకుంటూ బల్లమీదికి చేర్చారు.

"కళ్లు తుడుచుకో. అందులో కార్చేవు."

"నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"ఉండాల్సింది. తిను."

నైజెల్ మాంసం వైపు చెయ్యి చాపాడు.

"ఈ ఇంట్లో ముందు పుడ్డింగూ గ్రేవీ. మాంసం తర్వాత."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒక మూల పిండి ఉండకట్టి సరిగా పొంగలేదు. అది విన్నీ చూసింది, ఆ ముక్క తనే వేసుకుని తినేసింది.

గ్లెండా రెండోసారి వడ్డించుకుంటూ, "కొత్త సంవత్సరానికి కూడా చేస్తావా, అమ్మా?" అంది.

"చేస్తాను. నిన్ను అడిగి మాత్రం కాదు," అంది విన్నీ.