పడుగు కింద దూరనని వేయించిన ఒట్టు

ఆనంద నామ సంవత్సరం, మాఘమాసం. దొరల లెక్కలో పద్దెనిమిదివందల యాభైఅయిదు అప్పుడే మొదలైంది. పొద్దున్నే బయలుదేరితే ఎండెక్కేలోగా అమలాపురం చేరుకునేంత దూరంలో ఉండేది మా సాలెవీధి. రెండు వరసల ఇళ్లు, మధ్యలో బండి పట్టేంత తిన్నని దారి. నేనూ అందరిలాగే నేతగాడిని. కానీ చుట్టుపక్కల నలుగురికీ నా పేరు తెలిసింది నా నేతవల్ల కాదు, ఇరుగుపొరుగు తగవుల వల్ల.

ఈ పెద్దరికం నాకెవరూ కట్టబెట్టలేదు. మా ఇల్లు వీధికి సరిగ్గా నడుమన ఉంది, అరుగు వెడల్పుగా ఉంది, అంతే. ఒకసారి మా అరుగు ముందు ఇద్దరు ఆడవాళ్లు కొబ్బరిమట్ట ఎవరి కప్పు మీద పడిందన్న సంగతి మీద జుట్లు పట్టుకోబోతుంటే, ఆ గోలకి నాకు పోగులు తెగిపోతుంటే, విసుగొచ్చి లేచి రెండు ముక్కలు చెప్పాను. ఇద్దరూ నోరు మూసుకుని వెళ్లిపోయారు. ఆనాటినుంచి మురుగునీళ్లు పక్కవాడి గుమ్మంలోకి వచ్చినా, కోడి పరాయి గాదె కింద గుడ్డు పెట్టినా మా అరుగు మీదికే వచ్చేవారు. మొదట్లో విసుక్కున్నాను. తరవాత తరవాత, ఎవరైనా రాకపోతే ఏమిటా అని వీధిలోకి చూసేవాణ్ణి. అంత రుచి మరిగాను.

తగవులు ఎలా తీరుస్తారని చాలామంది అడుగుతుంటారు. అలా అడిగినవాళ్లకి నేను గెలిచిన కథలే చెబుతూ వచ్చాను. ఇది కూడా గెలిచిన తగవే, ఆ రోజుల్లో వీధంతా అదే మాట అంది. దీని చివర ఏమైందో మాత్రం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ముందు పడుగు సంగతి చెప్పాలి. బట్టకి నిలువునా ఉండే పోగుల వరసని పడుగు అంటాం. మగ్గమెక్కించే ముందు దాన్ని వీధిలో పొడవునా చాపి, కత్తెరలా నిలబెట్టిన వెదురుకర్రల మీద నడుమెత్తున బిగించి, గంజి పట్టించి, ఇద్దరు ముగ్గురు చెరోపక్కా నిలబడి కుంచెలతో దువ్వుతారు. గంజి తడి ఆరేదాకా దువ్వుతూనే ఉండాలి. మధ్యలో దించితే పోగులు ఒకదానికొకటి అంటుకుపోయి పడుగంతా పాడవుతుంది. పడుగు వేసి ఉన్నప్పుడు ఈ వరస ఇళ్లవాళ్లు ఆ వరసకి వెళ్లాలంటే, వీధి చివరిదాకా నడిచి చుట్టి రావాలి. లేదంటే నడుం వంచి కిందనుంచి దూరాలి. చాలామంది దూరేవాళ్లే.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉత్తరపు వరసలో గవరయ్య ఇల్లు. దానికి సరిగ్గా ఎదురుగా, దక్షిణపు వరసలో అతని చెల్లెలు సత్తెమ్మ ఇల్లు. పుట్టిన ఇంటికీ మెట్టిన ఇంటికీ మధ్య ఇరవై అడుగులు. వాళ్ల తల్లి సూరమ్మ వదిన గవరయ్య దగ్గరే ఉండేది. వరసకి వదినే గాని నన్ను చిన్నప్పుడు ఎత్తుకు మోసిన మనిషి. సత్తెమ్మ భర్త బట్టల మూట నెత్తినెత్తుకుని సంతలు తిరిగేవాడు, నెలలో సగం రోజులు ఊళ్లో ఉండడు. అందుకని ఆవిడ రోజుకి పదిసార్లు వీధి దాటి తల్లి దగ్గరికి వచ్చేది.

గొడవ అక్కడే మొదలైంది. సత్తెమ్మ తలకి కొబ్బరినూనె ఓడుతూ రాసుకునే మనిషి. పడుగు కిందనుంచి దూరినప్పుడల్లా తల పోగులకి తగిలేది. నూనె అంటిన పోగు గంజి పట్టదు. నేసిన తరవాత బట్ట మీద చారలు తేలతాయి. గవరయ్య రెండుసార్లు నెమ్మదిగా చెప్పాడు, మూడోసారి అరిచాడు. ఆ కార్తీకంలో సత్తెమ్మ దూడ పలుపు తెంపుకుని పడుగు కిందికి దూరి, మెడలో తాడు చిక్కుకుని, తడి పడుగుని సగం వీధి దాకా ఈడ్చుకుపోయింది. అన్నాచెల్లెళ్లు నడివీధిలో నిలబడి చచ్చిపోయిన తండ్రినీ, పుట్టని పిల్లల్నీ కూడా తిట్లలోకి లాగారు. నేను వెళ్లి ఇద్దరినీ గవరయ్య ఇంట్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను.

"నేనేం కావాలని చేసేనాండి బాబయ్యగారూ? దూడకేం తెలుస్తాదండి?" అంది సత్తెమ్మ.

"దూడకి తెలీదు. మరి నీకు తెలీదా? నూనెతల ఏసుకుని రోజూ దూరతావు. నేను మనిషిని కానేటి?" అన్నాడు గవరయ్య.

ఇద్దరూ తప్పు ఒప్పుకున్నారు. తల వంచుకు కూర్చున్నారు. అక్కడితో వదిలేస్తే సరిపోయేది. కానీ అలా ఒప్పుకుని నాలుగురోజులకే మళ్లీ కొట్టుకున్నవాళ్లని బోలెడుమందిని చూసినవాణ్ణి నేను. ఈసారి గట్టి ముడి వేద్దామనుకున్నాను. వాళ్ల తండ్రి నేసిన మగ్గం ఆ ఇంట్లోనే ఉంది. మా వాళ్లలో మగ్గం మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకుంటే, వేయించినవాడో అవతలివాడో సడలిస్తే తప్ప ఇక దానికి తిరుగులేదు. తప్పితే ఆ మగ్గం మళ్లీ ఆడదని నమ్మకం. సత్తెమ్మ చేత ఆ మగ్గం మీద చెయ్యి వేయించాను.

"వీధిలో పడుగు ఉన్నంతసేపూ కిందనుంచి దూరనని చెప్పు," అన్నాను. "అన్న పడుగే కాదు, ఎవరి పడుగైనా సరే."

ఆ చివరి మాట నా సొంత తెలివి. ఏ సందూ మిగలకూడదని కలిపాను.

మూల మంచం మీదనుంచి సూరమ్మ వదిన అంది, "అంత ఒట్టెందుకు మరిదిగారూ? అన్నాచెల్లెళ్లు. మాటనుకుంటే చాలదాండి?"

"మాటైతే రేపటికి మరిచిపోతారు వదినా," అన్నాను నవ్వుతూ.

సత్తెమ్మ ఒట్టు వేసింది. గవరయ్య కూడా ఇకమీద చెల్లెల్ని ఒక్క మాటా అననని వేశాడు. తాంబూలాలు ఇప్పించి, మీసం దువ్వుకుంటూ ఇంటికి వచ్చాను.

ఒట్టు బ్రహ్మాండంగా నిలబడింది. సత్తెమ్మ పడుగు దించేదాకా గుమ్మం దిగేది కాదు. దించగానే వచ్చి తల్లికి తల దువ్వి, కాళ్లు పట్టి వెళ్లేది. గవరయ్య పడుగు పోగు తెగలేదు, వీధిలో అరుపు లేదు. పక్క ఊరి వాళ్లు కూడా వచ్చి, మా దగ్గరా ఒకసారి కూర్చుని చెప్పండి అని అడిగారు. నేను వెళ్లాను కూడా. సత్తెమ్మ ఒట్టు గురించే అక్కడ చెప్పి మెప్పు పొందాను.

పుష్యం వెళ్లేసరికి సూరమ్మ వదిన మంచం దిగడం మానేసింది. అన్నం సహించడం లేదు, గంజినీళ్లు రెండు గుక్కలు. చూడ్డానికి వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుని ఒకటే అంది.

"నాకింకేం కోరిక లేదండి మరిదిగారూ. ఆఖరి నీళ్లు మా సత్తి చేత పోయించండి. కొడుకు ఎలాగూ నిప్పు పెడతాడు. నీళ్లు మాత్రం దాని చేతినించి పడాలి."

"ఆయ్, అలాగే వదినా. ఎదురిల్లే కదా, ఎక్కడికి పోతుంది?" అన్నాను.

నిజంగానే అలా అనుకున్నాను. ఒట్టు సంగతి ఆ క్షణాన నాకు తోచనైనా తోచలేదు. సత్తెమ్మకి తోచి ఉంటుంది. కానీ ఒట్టు సడలించమని అడగడం ఆవిడ పరువుకి చిన్నతనం. తనంతట తాను సడలిస్తానని అనడం గవరయ్యకి బెట్టు. వాళ్లు అడక్కముందే ఆ సంగతి చూసుకోవాల్సినవాణ్ణి నేను.

శివరాత్రి దగ్గరపడుతోంది, అందరికీ నేత ఒత్తిడి. ఆ పొద్దున వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా పడుగులే. ఒకరి పడుగు కర్రకే ఇంకొకరిది కట్టి, మధ్యలో సందు లేకుండా వేశారు. గవరయ్యకి దువ్వడానికి మనిషి చాలలేదంటే నేను కూడా కుంచె పట్టాను. గంజి అప్పుడే పట్టించాం. పోగులు తడితడిగా ఉన్నాయి.

ఇంట్లోంచి గవరయ్య పెళ్లాం కేక వేసింది. "ఏవండోయ్, అత్తమ్మకి ఎగశ్వాస పెట్టేసింది, రండి!"

గవరయ్య కుంచె పడేసి లోపలికి పరుగెత్తాడు. నేను తలెత్తి చూసేసరికి ఎదురింటి గుమ్మంలో సత్తెమ్మ నిలబడి ఉంది. చేతిలో రాగిచెంబు. అందులో తులసిదళం వేసిన నీళ్లు. ఎన్నాళ్లనుంచి రోజూ అలా సిద్ధం చేసుకుని పెట్టుకుంటోందో ఏమో. లోపలినుంచి ముసలామె గొంతు వినిపించింది. ఇరవై అడుగుల దూరంలో ఉన్నవాళ్లకి స్పష్టంగానే వినిపించింది.

"సత్తీ... సత్తీ..."

సత్తెమ్మ మెట్టు దిగి పడుగు దాకా వచ్చింది. ఆగింది. నడుం వంచితే అయిపోయేది. తల ఎత్తి నావైపు చూసింది.

నా నోటినుంచి ఒక్క మాట రావాలి. "రావే తల్లీ" అంటే చాలు. నేను అనలేదు. ఎందుకనలేదని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. గవరయ్య పిలవాలి కదా అనుకున్నానని కొన్నాళ్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. వీధి పొడవునా కుంచెలు ఆపి అందరూ మమ్మల్నే చూస్తున్నారు. వేయించిన ఒట్టు వేయించినవాడే తెంపితే రేపు నా మాట ఎవరు వింటారు అన్న ఆలోచన వచ్చింది. వచ్చింది ఎంతోసేపు కాదు, ఒక రెప్పపాటు. ఆ రెప్పపాటులో సత్తెమ్మ చూపు తిప్పేసుకుంది. చెంబు రెండు చేతులా పట్టుకుని తూర్పు చివరకి పరుగు తీసింది.

అప్పుడు నోరు పెగిలింది నాకు. "సత్తెమ్మా, వెనక్కి రా! ఇటే రా!" అని అరిచాను. ఆమె ఆగలేదు. వినపడలేదో, విని కూడా ఆగలేదో ఈనాటికీ తెలీదు.

ఆమె వీధి చివర మలుపు తిరిగిందో లేదో, లోపల ఏడుపు లేచింది.

మా వీధిలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా పోతే, శవం లేచే దాకా వీధిలో పడుగు ఉండకూడదు. ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏడుపు వినగానే ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎవరి పడుగు వాళ్లు దించేశారు. తడిపడుగులే. పోగులన్నీ అంటుకుని ముద్దలైపోతాయని అందరికీ తెలుసు. ఒక్కరూ నొచ్చుకోలేదు, ఒక్కరూ నన్ను అడగలేదు. గవరయ్య పడుగు నలుగురు చుట్టి అరుగు మీద పడేశారు. తాంబూలం నమిలేంతలో వీధి అద్దంలా ఖాళీ అయిపోయింది. చేతిలో కుంచె పట్టుకుని నడివీధిలో నేనొక్కణ్ణే మిగిలాను.

సత్తెమ్మ ఉత్తరపు వరస వెంట పరుగెత్తుకుంటూ వచ్చింది. చెంబులో నీళ్లు సగం చీరమీద ఒలికిపోయాయి. గవరయ్య గుమ్మం ముందు ఆగి, అటు తన ఇంటి దాకా అడ్డం లేకుండా పరుచుకున్న వీధిని చూసింది. తరవాత నన్ను చూసింది.

"ఒట్టు తప్పలేదండి బాబయ్యగారూ," అంది.

కోపంతో అంటే భరించేవాణ్ణి. అలా అనలేదు. చెప్పిన పని చేసి వచ్చిన మనిషి చెప్పినట్టు చెప్పింది. లోపలికి వెళ్లి, మూసుకుపోయిన పెదాల మధ్య మిగిలిన నీళ్లు పోసింది. అవి చెంప మీదుగా కారిపోయాయి. గవరయ్య చెల్లెలి కాళ్ల దగ్గర కూలబడి, "పిలవలేకపోయేనే, నిన్ను పిలవలేకపోయేనే" అని నేల కొట్టుకున్నాడు. నేను గుమ్మం బయటే ఉండి ఏడ్చాను. అంతమందిలో ఏడవడం నాకదే మొదటిసారి.

ఆ తరవాత కూడా తగవులు తీర్చాను. మానేస్తానంటే జనం ఊరుకోలేదు. కానీ మళ్లీ ఎవరి చేతా మగ్గం ముట్టించలేదు. ఏ ఇద్దరికి రాజీ కుదిర్చినా, లేచే ముందు ఒకటి అడుగుతాను: "మీ ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఈ ఏర్పాటు ఏం కావాలి?" వాళ్లకి కోపం వస్తుంది, అశుభం పలుకుతున్నాడంటారు. అయినా జవాబు చెప్పించే కదులుతాను. నెలకొకసారి వెళ్లి, ఆనాడు కుదిర్చింది ఈనాటికీ సరిపోతోందా అని కనుక్కుంటాను. రాజీ కుదిరిన ఇంటికి మళ్లీ వెళ్లాలని అంతకుముందు నాకు తెలీదు. కుదిరిందంటే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి.

సూరమ్మ వదిన పెద్దకర్మ అయిన మర్నాడే సత్తెమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడ రాట్నం ముందు కూర్చుని ఉంది. లేచి చాప వేసింది, మంచినీళ్లు ఇచ్చింది. మర్యాదకి ఏ లోటూ చెయ్యలేదు.

"ఆ ఒట్టు తీసేశానమ్మా," అన్నాను. "మగ్గానికి దండం పెట్టి నేనే తీసేశాను. తప్పేదైనా ఉంటే నా నెత్తిన పడుతుంది. ఇకమీద పడుగున్నా లేకపోయినా నువ్వు ఎప్పుడు కావలిస్తే అప్పుడు అటు వెళ్లొచ్చు."

ఆవిడ రాట్నం మీద పోగు సరిచేసుకుంది.

"ఆయ్, మంచిదండి బాబయ్యగారూ," అంది. "అమ్మే లేనప్పుడు అటు దాటి వెళ్లడానికి నాకేం పనుందండి?"