సుంకమ్మ అడిగిన కాలువ

2004 ఫిబ్రవరిలో బెంగళూరు కుందలహళ్ళి వైపు కొత్త ఆఫీసులకు నీళ్ళ గొట్టాలు వేస్తున్నారు. కందకాలు తవ్వే కూలీల్లో సుంకమ్మ ఒకతె. కదిరికి ఆవల ఒక మెట్ట పల్లె ఆమెది. భర్త పేరు పెద్దన్న. ఇద్దరూ బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్ళయింది.

ఒక మధ్యాహ్నం కూలీలు అన్నాలు తింటుంటే సైటు ఇంజనీరు శశిధర్ నీడ కోసం అక్కడికొచ్చి కూర్చున్నాడు. గుంటూరువాడు. చెడ్డవాడేం కాదు. పేపరు మడుస్తూ, తనకు తెలిసిన సంగతి చెబుతున్నట్టే అన్నాడు:

"మీ సీమ నుంచి ఇంతమంది ఎందుకొస్తారో తెలుసా సుంకమ్మా? పిల్లల్ని ఎక్కువ కంటారు, భూమి చాలదు. జనం తగ్గితే ఆ ప్రాంతం దానంతటదే బాగుపడుతుంది."

సుంకమ్మ చేతిలో ముద్ద గిన్నెలో పడేసింది.

"నాకెంతమంది పిల్లోళ్ళు అనుకుంటివి సార్?"

"నలుగురా?"

"ఒక్క పాప!"

పన్నెండేళ్ళ కిందట వాళ్ళ ఊరి బడిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల శిబిరం పెట్టారు. ఇద్దరు చాలని నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. సుంకమ్మను ఎవరూ బలవంతపెట్టలేదు, ఆ మాట ఆమెకే నచ్చింది. బడి నేలమీద వరుసగా పడుకోబెట్టిన ఆడవాళ్ళలో ఆమె మూడోది. సాయంత్రం ఎమ్మెల్యే వచ్చాడు. "మీ వంతు మీరు చేశారు, కాలువ తెచ్చే వంతు నాది" అన్నాడు. కాలువ ఇటు పోతుందని చేలల్లో సున్నంతో గీతలు గీయించాడు. అంతే. మూడేళ్ళకు బావులు ఎండిపోయాయి. ఆ ఎండాకాలమే గుంటలో నీళ్ళు తాగి కొడుకు నాగేంద్ర వాంతులు, విరేచనాలతో చచ్చిపోయాడు. ఆరేళ్ళవాడు.

ఇదంతా ఆమె ఏడవకుండా చెప్పింది. తర్వాత లేచి నిలబడింది.

"ఈ గొట్టాల్లోకి నీళ్ళు యాడనుంచి వస్తాయి సార్?"

"కావేరి నుంచి. వంద కిలోమీటర్లుంటుంది."

"పల్లానికా, మిట్టకా?"

శశిధర్ కొంచెం తడబడ్డాడు. "మిట్టకే. మోటార్లు పెట్టి ఎక్కిస్తారు."

"ఈ ఊర్లోకి దినామూ జనం వచ్చి పడతాండారు. మీరు తగ్గండి, అప్పుడు నీళ్ళిస్తామని ఈళ్ళకెవురన్నా చెప్పిరా? జనం పెరిగేకొద్దీ గుట్టలెక్కించి తెస్తాండారే! కడుపు కోయించుకుని తగ్గినోళ్ళం మేము. మాకెందుకు రాలే?"

"పని పోతాది, ఊరుకోమ్మే" అని పెద్దన్న కొంగు పట్టి లాగాడు. ఆమె విదిలించుకుంది.

"అది రాజకీయం సుంకమ్మా" అన్నాడు శశిధర్ మెల్లగా.

"అయితే ఆ మాట ముందే అనాల! నా కడుపు మీదికి ఎందుకొస్తివి?"

అతను తల దించుకుని వెళ్ళిపోయాడు. పని మాత్రం పోలేదు.

ఏప్రిల్‌లో ఎన్నికలొచ్చాయి. ఓట్లకు ఊరికి తీసుకెళ్ళడానికి ఎమ్మెల్యే మనిషి ఆంజనేయులు కూలీల షెడ్ల దగ్గరికి లారీ తెచ్చాడు. అందరికంటే ముందు ఎక్కింది సుంకమ్మే. ఊళ్ళో మీటింగు పెట్టారు. అదే ఎమ్మెల్యే, జుట్టుకు రంగేసుకుని మైకు ముందు నిలబడ్డాడు. ఆడవాళ్ళ మధ్యలోంచి ఆమె లేచింది.

"కాలువ యాడుండాదప్పా?"

అతను నవ్వాడు. "అమ్మా, మీ ఊర్లో ఇప్పుడుండేది రెండొందల ఓట్లు. దానికి కాలువంటే పైవాళ్ళు ఒప్పుతారా? జనం లేరు కదమ్మా!"

వేదిక మీదున్నవాళ్ళూ నవ్వారు. సుంకమ్మ ముందుకు తోసుకెళ్ళింది.

"నీ మాట నమ్మే కదరా జనం లేకుండా పోయింది! ఎక్కువుంటే ఎక్కువంటిరి, తక్కువైతే తక్కువంటిరి. మేము ఎంతమంది ఉంటే మీకు మనుషుల మాదిరి కనపడతాం?"

ఆంజనేయులూ ఇంకొకడూ రెక్కలు పట్టుకుని ఆమెను బయటికి ఈడ్చుకుపోయారు. పోలింగు నాడు ఆ ఊరివాళ్ళు చాలామంది అతనికి ఓటెయ్యలేదు. అయినా వేల ఓట్ల తేడాతో గెలిచాడు.

తిరిగొచ్చాక పెద్దన్న విసిగిపోయి, "మన ఓట్లు బెంగళూరికే మార్పించుకుందాం, ఆ పీడ వదిలిపోతాది" అన్నాడు.

సుంకమ్మ గయ్యిమంది. "ఇంకా తగ్గమంటావా? రెండొందలకే నవ్వినాడు. మన రెండూ తీసేస్తే వానికింకా సుఖం!"

ఓటు మార్చుకోలేదు. 2009లో లారీ రాలేదు. సొంత చార్జీలు పెట్టుకుని బస్సెక్కి వెళ్ళింది. ఈసారి మైకు ముందు వేరే మనిషి ఉన్నాడు. అతను నమస్కారం పెట్టి నోరు తెరవకముందే ఆమె లేచి నిలబడింది.