మావయ్యగారు రాని కల

ఏళ్ల తరబడి ఈ మాట నా గొంతులోనే ఉంది. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ముందే ఒక మాట. క్షమించమని అడగడానికి రాయడం లేదు.

అప్పుడు మేం అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉండేవాళ్లం. మా అమ్మకు వీసా రాకపోవడంతో నా పురిటికి అత్తయ్య వచ్చారు. మావయ్యగారు పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆవిడ రాకముందే ఒక నిర్ణయం అయిపోయింది. తిరిగి వెళ్లేటప్పుడు నెలల బిడ్డను తనతో విజయవాడ తీసుకెళ్లాలి, స్కూల్ వయసు వచ్చాక మేం తెచ్చుకోవాలి.

"ఇద్దరం వర్క్ చేస్తున్నాం, వీసా సంగతి చూస్తే ఇలా ఉంది. ఇక్కడ అందరూ అదే చేస్తున్నారు కదా," అన్నారు మా ఆయన.

నన్ను అడగలేదా? అడిగారు. సరే అన్నాను కూడా. అప్పటికింకా కడుపులో కదలిక తెలియలేదు.

తెలిశాక కలలు మొదలయ్యాయి. ఎయిర్‌పోర్ట్‌లో బిడ్డను ట్రేలో పెట్టమంటారు. పెడతాను. ట్రే యంత్రంలోకి వెళుతుంది. అటువైపు నా చెప్పులు వస్తాయి, బ్యాగు వస్తుంది, బిడ్డ రాదు. ఇంకో కలలో, వీడియో కాల్‌లో నన్ను చూసి పాప "ఆంటీ" అంటుంది. చెమటలు పట్టి లేచి కూర్చునేదాన్ని. డాక్టర్ నవ్వి, ఈ నెలల్లో ఇలాంటి కలలు మామూలే అంది. ఎక్కువ ఆలోచించకు అన్నారు మా ఆయన. బిడ్డను పంపనని ఎంత ఏడ్చినా, అది నా మాటగా కాక కడుపుతో ఉన్నదాని బెంగగానే అందరికీ వినిపించింది.

అందుకే వాళ్లు వినే కలను తయారు చేశాను.

ఒక ఉదయం ముగ్గురం ఉప్మా తింటుంటే, మావయ్యగారు కలలో కనిపించారన్నాను. తెల్ల లాల్చీ వేసుకున్నారని, నా పొట్ట వైపు చూసి, 'బిడ్డను తల్లికి దూరం చేయకండి' అన్నారని చెప్పాను. లాల్చీ ఎందుకు? నమ్మాలని. మా ఆయన చెంచా కింద పెట్టేశారు. బతికున్నప్పుడు తండ్రి మాట ఏనాడూ కాదనని మనిషి. పంపే మాట ఆ రోజుతో ఆగిపోయింది.

అది తప్పంటారా? నేననను. నా నిజం ఎవరికీ పట్టనప్పుడు అబద్ధం తప్ప నా చేతిలో ఏముంది?

తప్పు ఆ తర్వాత చేశాను. మా ఆయన ఆఫీస్‌కి వెళ్లాక అత్తయ్య వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"నాకు ఒక్కసారి కూడా కలలోకి రాలేదమ్మా. నా గురించి ఏమైనా అడిగారా?"

'అడిగారు' అని ఉంటే సరిపోయేది. కానీ ఏమన్నారని అడుగుతారేమో, ఎక్కడ దొరికిపోతానో అని భయం వేసింది.

"లేదత్తయ్యా."

"పోనీలే. మనవరాలి కోసమైనా వచ్చారు," అని గిన్నెలు తీసుకుని సింక్ దగ్గరికి వెళ్లారు. కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది.

అంతవరకూ రోజూ పొద్దున్నే ఫోన్‌లో మావయ్యగారి ఫొటో చూస్తూ ఇక్కడి చలి గురించీ నా తిండి గురించీ చెప్పుకునేవారు. ఆ మర్నాటి నుంచి మానేశారు. పాప పుట్టిన కొన్నాళ్లకు ఒక్కరే విమానం ఎక్కారు. మనవరాలినీ, మొగుడి మీద నమ్మకాన్నీ ఆవిడకు ఒకే రోజు లేకుండా చేశాను.

పాప నా దగ్గరే పెరిగింది. మధ్యలో నా ఉద్యోగం పోయింది, మళ్లీ వెతుక్కున్నాను. దేనికీ చింత లేదు.

మావయ్యగారు అసలు నా కలలోకే రాలేదు అంటే చాలు, అత్తయ్య మనసు తేలికపడుతుంది. ఆ మాట ఎందుకు రావడం లేదు? మా ఆయన ముఖం ఎలా చూడాలనా? నా కూతురు ఎలా నా దగ్గర మిగిలిందో అందరికీ తెలుస్తుందనా? రెండూనేమో. ఫోన్‌లో ఆవిడ గొంతు వినగానే నోటిదాకా వస్తుంది. పాపకు ఫోన్ ఇచ్చేసి పక్కకు వెళ్లిపోతాను.

ఆ కల కల్పించినందుకు నన్నెవరూ నిలదీయక్కర్లేదు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ కల్పిస్తాను. కానీ భర్తను పోగొట్టుకున్న మనిషితో 'లేదు' అన్నాను. నన్ను కాపాడుకోవడానికి అన్నాను. అత్తయ్యకు చెబుతానని మీకు మాట ఇవ్వను. మీకైతే చెప్పాను. కాస్త ఊపిరి ఆడుతోంది.