గంజికి గ్లాసు పట్టిన మామ్మగారు

మామ్మగారు గురువారం పొద్దున చనిపోయారు. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానన్నారట. మళ్లీ లేవలేదు. పదో రోజైనా కాకుండా ఇలా రాయడం తొందరపాటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఆగే వీలు లేదు. రైల్వే స్టేషన్ దగ్గరి పిల్లల కేంద్రంలో ఆవిడ వారానికి మూడు రోజులు నడిపిన వంటగదిని మూసేసి, వచ్చే నెల నుంచి కాంట్రాక్టరు దగ్గర డబ్బాల భోజనం తెప్పించాలని కమిటీ అనుకుంటోంది. నెలాఖరుకు తేల్చేస్తారు. ఆ వంటగది ఎందుకుండాలో మామ్మగారైతే మాటల్లో చెప్పేవారు కాదు, వండి చూపించేవారు. నాకు అంత చేతకాదు కనుక మన కాలనీ పత్రికలో రాస్తున్నాను.

ఆవిడది విజయనగరం వైపు. భర్తకు రైల్వేలో ఉద్యోగం కావడంతో సికింద్రాబాద్ వచ్చి, ఆయన పోయాక కూడా సీతాఫల్‌మండిలోనే ఉండిపోయారు. మా అమ్మ బోయిగూడ నుంచి నడిచొచ్చి వాళ్లింట్లో అంట్లు తోమేది. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. ఆరో తరగతి ఫారం మీద అమ్మ వేలిముద్ర వేస్తే, ఆ వేలికంటిన సిరాను మామ్మగారు తన చీర కొంగుతో తుడిచారు. నేను "అమ్మగారూ" అని పిలిస్తే కసిరేవారు. "మీ అమ్మకి నేను జీతం ఇస్తున్నాను, దానికి అమ్మగారిని. నీకేటి ఇస్తున్నానని? మామ్మా అను."

నాకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చాక, ఆవిడే వాకబు చేసి ఈ వీధిలో మాకు అద్దె పోర్షన్ చూపించారు. మా ఆఫీసు వాళ్లం కొందరం ఆదివారాలు ఆ కేంద్రానికి వెళ్లేవాళ్లం. స్టేషన్‌లో దొరికిన పిల్లలు, పనుల్లోంచి విడిపించి తెచ్చిన పిల్లలు అక్కడ ఉంటారు. అక్కడ వాళ్లకు పెట్టేది నీళ్ల పప్పు, ముక్కిన బియ్యపు అన్నం. వాళ్లకు మంచి తిండి పెట్టాలని కంప్యూటర్‌లో ఒక చార్టు తయారుచేసి గోడకు అంటించాను. క్యారెట్, బీన్స్, మొలకలు, అన్నీ రంగు రంగుల గడుల్లో. వండడానికి మామ్మగారిని తీసుకెళ్లాను.

మొదటి ఆదివారం ఆవిడ ఆవపెట్టిన పులిహోర చేశారు. వాళ్ల వైపు అది లేని శుభకార్యం ఉండదు. పిల్లల్లో సగంమంది బీహారు వాళ్లు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని మొహాలు చూసుకున్నారు. ఎంగిలి బకెట్టు నిండిపోయింది. వీళ్లకు రుచి తెలియదని మాలో ఒకమ్మాయి అంది. మామ్మగారు ఆ బకెట్టు దగ్గర చాలాసేపు నిలబడి, "నా పులిహోరకి ఇలాటి గతి ఎప్పుడూ పట్టలేదు" అని నవ్వారు. తరవాత మెల్లగా అన్నారు: "పిల్లలది తప్పు కాదమ్మా. నేను మా ఊరివాళ్లకి వండేను."

ఆ రోజు నుంచి భోజనాలవగానే ముందు బకెట్టు చూడడం ఆవిడకు అలవాటైంది. నా చార్టులోని క్యారెట్లూ మొలకలూ ప్రతి ఆదివారమూ అందులోనే కనిపించేవి. నేను చార్టు మార్చబోతే ఆపారు. "నీ కంప్యూటరు సంగతి తరవాత. ముందు ఇదేటి చెప్తోందో చూడు."

తరవాత మూడు ఆదివారాలు గరిటె ముట్టుకోలేదు. పిల్లలతో నేల మీద కూర్చుని, వాళ్లు తిన్నదే తిన్నారు. కొత్తగా వచ్చిన పిల్లలను పేరూ ఊరూ అడిగేవారు కాదు. మీ ఇంట్లో అన్నం ఎవరు వండేవారని అడిగేవారు. అదీ ఉల్లిపాయలు ముందేసుకుని, వాళ్ల చేత పొట్టు తీయిస్తూ. ఏడుపొస్తే ఉల్లిపాయల మీదికి పోతుందని.

ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి, కేంద్రంలో వండే వంటక్క అన్నం వార్చే వేళకి పెరటి గుమ్మంలోకొచ్చి, కాలవలోకి పోయే గంజిని చూస్తూ నిలబడేది. ఏదో ఎత్తుకుపోతుందని వంటక్క అదిలించేది. మామ్మగారు తన రైల్వే క్వార్టర్స్ హిందీలో ఏం కావాలని అడిగారు. గంజి ఎందుకు పారబోస్తున్నారని ఆ పిల్ల ఎదురడిగింది. వాళ్లమ్మ అందులో ఉప్పేసి ఇచ్చేదట.

నేను తల వంచుకున్నాను. బోయిగూడలో నేను బడికెళ్లింది గంజి తాగే. పొద్దున ఏం తిన్నావని ఎవరైనా అడిగితే ఇడ్లీ అని చెప్పేదాన్ని. మామ్మగారు నా వైపు తిరిగి, "నువ్వూ తాగేదానివి కదా, మీ అమ్మ చెప్పింది" అన్నారు. అవునన్నాను.

"మరి చార్టులో రాయలేదేం?"

మరిచిపోయానంటే అది అబద్ధమే. ఆవిడ మళ్లీ అడగలేదు.

తరవాతి ఆదివారం గంజిని పెద్ద గిన్నెలోకి వార్పించి, ఉప్పూ కాస్త మజ్జిగా కలిపారు. చూడడానికి వచ్చేవాళ్లు ఏమనుకుంటారోనని కేంద్రం ఇన్‌ఛార్జి ఇబ్బందిపడ్డాడు. పిల్లలకు గంజి పోస్తున్నామంటే పరువేముంటుంది అన్నాడు. "ఎవరైనా వస్తే నా పక్కన పీట వెయ్యి బాబూ, వాళ్లకీ ఒక గ్లాసిద్దాం" అని మామ్మగారు గుమ్మంలో కూర్చుని, ఊదుకుంటూ మొదటి గ్లాసు తనే తాగారు. రెండో గ్లాసు ఆ పిల్ల తాగింది. మూడోది కూడా.

గంజితో ఒంట్లోకి బలం రాదని ఆవిడకూ తెలుసు. గంజి కోసం వచ్చిన పిల్లలు అన్నానికి కూర్చున్నారు, అదీ సంగతి. ముద్దపప్పు, ఉడికించిన గుడ్డు, రొట్టె అడిగినవాళ్లకు రొట్టె ఒక్కొక్కటే వచ్చి చేరాయి. నా చార్టును పిల్లలే చెప్పి మళ్లీ రాయించారు. ఆదివారం ఒక్కటే ఉన్న ఆవిడ వంట వారానికి మూడు రోజులైంది. బకెట్టు ఎంత తేలికైందంటే, వంటక్క ఒకరోజు "మీరొచ్చినప్పటి సంది గల్లీల కుక్కలు నన్నే తిడుతున్నయమ్మా" అంది.

ఇదంతా ఇంట్లో చెబితే మా అమ్మ ఊరుకోలేదు. "మనింట్ల గంజి పోస్తే మూతి తిప్పుకుందువు. గిప్పుడు ఊరోళ్ల పిల్లలకు పోస్తున్నవా?" అంది. మరుసటి ఆదివారం తనూ బయలుదేరింది.

మొన్న ఆదివారం మామ్మగారు లేకుండా మొదటిసారి వండాం. అన్నం కొంచెం మాడింది. పిల్లలు వంక పెట్టకుండా తిన్నారు. మామ్మ రాలేదేమని అడిగితే అమ్మే చెప్పింది. కంచాలు కడుగుతుంటే ఒక పాప నా పక్కకొచ్చి, వచ్చే వారం ఎవరు వండుతారని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను.

కమిటీ వాళ్లను కలిశాను. మామ్మగారి మూడు రోజులకు ఆరు పూటలు. ఆరుగురు పేర్లిస్తే వంటగది ఉంచుతామన్నారు. నేనూ అమ్మా రెండు పూటలు రాయించాం. ఇంకా నలుగురు కావాలి. గొప్పగా వండడం రానక్కరలేదు, వాళ్లతో కూర్చుని తినగలిగితే చాలు. ఈ నెల ఇరవై ఐదో తేదీలోగా మా ఇంటికొచ్చి గానీ, కాలనీ సంఘం ఆఫీసులో గానీ మీ మాట చెప్పండి. మొన్న ఆదివారం ఆ పాప తడి కంచాన్ని గౌనుకు తుడుచుకుంటూ, నేను గేటు దాటేదాకా నా వైపే చూస్తూ నిలబడింది.